గ్రహణం కాదు, గ్రహింపు కావాలి
(గర్భస్థ శిశువు మెదడు, వెన్నుపాము లోపాలు – అతిధ్వనుల పరీక్ష)

తృతీయ బి.ఎస్సీ. (భౌతికశాస్త్రం) విద్యార్థి

విజ్ఞానశాస్త్రం అనగానే మనకు రాకెట్లు, చంద్రయానాలు, కంప్యూటర్లు గుర్తుకొస్తాయి. నిజానికి అది మన ఇంటి గడపలోకీ, పొలం గట్టు మీదికీ, తల్లి కడుపులోకీ కూడా ఎప్పుడో వచ్చేసింది. దాన్ని వేళకు వాడుకోవటంలోనే మనం వెనకబడి వున్నాం. ఆ ఆలస్యం ఖరీదు ఎంతో మా ఇంట్లో అనుభవమయింది గనుకనే ఈ సంచికకు ఈ విషయాన్ని ఎన్నుకున్నాను. నేను వైద్య విద్యార్థిని కాను. భౌతికశాస్త్రం చదువుకుంటున్న రైతు బిడ్డను. ఇందులో నేను చెప్పే సంగతులు తెలుసుకోవటానికే గాని, వైద్యుల సలహాకు బదులుగా వాడుకోవటానికి కాదని ముందుగానే మనవి చేస్తున్నాను.

మా ఇంటి సంగతి

మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న పల్లె. నాలుగెకరాల మాగాణి. సార్వాకు వరి, వరి కోశాక మినుము. 2023 ఆగస్టులో మా వదిన నెల తప్పింది. రెండో నెలలో పట్నం తీసుకెళ్తే డాక్టరమ్మ స్కానింగ్ చేసి, గుండె కొట్టుకుంటోందని చెప్పింది. "మూడో నెల నిండేటప్పుడు ఒకసారి, అయిదో నెలలో ఒకసారి తప్పకుండా రండి" అని చీటీ మీద రాసి మరీ ఇచ్చింది. మూడో నెల నిండేసరికి చేలో కలుపులు. అయిదో నెల వచ్చేసరికి కోతలు. అన్నయ్యకు తీరిక లేక, "నువ్వు బండి మీద తీసుకెళ్ళరా" అని నాకు చెప్పాడు. నాకేమో మొదటి సెమిస్టరు పరీక్షలు. "పరీక్షలయ్యాక పోదాం వదినా" అన్నాను. కడుపులో బిడ్డ బాగానే కదులుతోంది గదా అని ఆమె కూడా ఊరుకుంది.

ఈ మధ్యలో 2023 అక్టోబరు 28 రాత్రి పాక్షిక చంద్రగ్రహణం పట్టింది. అర్ధరాత్రి దాటాక సరిగ్గా అదే సమయంలో మా గేదె ఈనింది. కొట్టంలో టార్చిలైటు పట్టుకోవటానికి మనిషి కావలసి వచ్చి వదిన లేచి వెళ్ళింది. నాయనమ్మ లోపల్నుంచి "గడప దాటకే అమ్మాయ్!" అని కేకలు వేస్తూనే వుంది.

ఏడో నెలలో, సంక్రాంతికి ముందు, వదినను స్కానింగ్‌కు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చాలాసేపు తెర వంక చూసి, బయట కూర్చున్న మా అన్నయ్యను లోపలికి పిలిపించింది. శిశువుకు కళ్ళ పైభాగాన పుర్రె ఎముక ఏర్పడలేదనీ, పెద్ద మెదడు లేదనీ, ఇలాంటి శిశువు పుట్టినా బతకదనీ నెమ్మదిగా చెప్పింది. ఇరవై నాలుగు వారాలు దాటినందున మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళవలసి వచ్చింది. ఆ రోజుల సంగతి ఇక్కడ రాయను.

ఇంటికి వచ్చాక నాయనమ్మ అన్నమాట ఒక్కటే: "ఆ గ్రహణం రాత్రే చెప్పాను, విన్నారు గాదు." ఊళ్ళో ఆడవాళ్ళు కూడా అదే అన్నారు. కొన్నాళ్ళకు వదిన కూడా అదే నమ్మింది. ఒకనాడు మినప చేలో పనిచేస్తూ నన్నడిగింది: "నేనా రాత్రి కొట్టంలోకి పోకుండా వుంటే బతికేదేమో గదరా చిన్నోడా?" నేను సైన్సు చదువుతున్నానన్న మాటేగాని, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మర్నాడు కాలేజీ లైబ్రరీకి పోయి జంతుశాస్త్రం బీరువా ముందు నిలబడ్డాను. జంతుశాస్త్రం లెక్చరర్లనూ, ఒకరిద్దరు డాక్టర్లనూ అడిగి తెలుసుకున్నాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు.

ఇరవై ఎనిమిది రోజుల కథ

పిండం ఏర్పడిన మూడో వారంలో దాని వీపు వైపున ఒక సన్నని పలక లాంటి కణజాలం తయారవుతుంది. ఇదే మెదడుకూ వెన్నుపాముకూ మూలం. ఈ పలక అంచులు రెండు వైపులా పైకి లేచి, మధ్యలో గాడి పడి, చివరకు రెండు అంచులూ కలుసుకొని గొట్టంగా మూసుకుంటాయి. తమలపాకును చిలక చుట్టేటప్పుడు రెండంచులూ దగ్గరికి తెస్తామే, దాదాపు అలాగ. ఈ గొట్టాన్ని నాడీ నాళిక అంటారు. పై చివర మెదడుగా పెరుగుతుంది. మిగిలినది వెన్నుపాము అవుతుంది.

గొట్టం పై చివర మూసుకోకపోతే పుర్రె పైకప్పు, పెద్ద మెదడు ఏర్పడవు. దీన్నే అనెన్‌కెఫలీ అంటారు. మా ఇంట్లో జరిగింది ఇదే. కింది భాగం మూసుకోకపోతే వెన్నెముక వెనక వైపు చీలి వుండి, అక్కడ వెన్నుపాము బయటపడి వుంటుంది. దీన్ని స్పైనా బైఫిడా అంటారు. చీలిక ఎంత పైన వుంటే కాళ్ళ బలం, మలమూత్రాల మీద అదుపు అంత ఎక్కువగా దెబ్బతింటాయి.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ నాళిక మూసుకోవటం గర్భం నిలిచిన 28 రోజులకల్లా పూర్తి అవుతుంది. మన ఇళ్ళల్లో లెక్క ప్రకారం చెప్పాలంటే, నెల తప్పిన రెండు వారాలలోపే. చాలామంది స్త్రీలకు అప్పటికి గర్భం సంగతే రూఢిగా తెలియదు.

ఇప్పుడు మా వదిన లెక్క వేసి చూడండి. ఆమె నెల తప్పింది ఆగస్టు మొదటివారంలో. నాళిక మూసుకోవలసిన గడువు ఆగస్టు మూడోవారంతో అయిపోయింది. గ్రహణం పట్టింది అక్టోబరు ఆఖరున. అంటే జరగవలసినది జరిగిపోయిన రెండు నెలలకు పైగా తరవాత! ఆ రాత్రి ఆమె కొట్టంలో వున్నా, దుప్పటి కప్పుకొని పడుకున్నా ఫలితంలో మార్పు వుండేది కాదు. అసలు గ్రహణమంటే సూర్యచంద్రుల నడుమకు భూమి వచ్చి, దాని నీడ చంద్రుడి మీద పడటం. నీడ వల్ల ఎవరి కడుపులోని బిడ్డకూ హాని లేదు.

మరి కారణమేమిటి? ఒక్కటే కారణమని చెప్పటానికి లేదు. జన్యువుల పాత్ర వుంది. ఫోలేట్ అనే విటమిన్ కొరత వుంది. తల్లికి అదుపులో లేని మధుమేహం వుండటం, మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు వాడటం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. తల్లి చేసిన తప్పు మాత్రం ఇందులో లేదు.

వినబడని ధ్వని, కనబడే బొమ్మ

ఇక నా సబ్జెక్టు. మనిషి చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకే వినగలదు. అంతకు మించినవి అతిధ్వనులు. గర్భిణి పొట్ట మీద చేసే పరీక్షలో సాధారణంగా సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాల ధ్వనిని వాడతారు.

ఎందుకంత ఎక్కువ? మన శరీరంలోని మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగ దైర్ఘ్యం వస్తుందని ఇంటర్‌లోనే చదివాం. సెకనుకు 1,000 కంపనాల మామూలు ధ్వని తీసుకుంటే దాని తరంగం పొడవు ఒకటిన్నర మీటరు. అంత పొడవు తరంగంతో జానెడు బిడ్డను చూడటం గడ్డపారతో ముల్లు తీయటం లాంటిది. అదే 35 లక్షల కంపనాలయితే తరంగం పొడవు 0.44 మిల్లీమీటరు. అప్పుడు మిల్లీమీటర్లలో కొలతలు తీయవచ్చు.

1880లో ఫ్రాన్సులో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కలిసి ఒక వింత కనుక్కున్నారు. క్వార్ట్జ్ వంటి కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుంది. అదే స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే కంపిస్తుందని ఆ తరవాత తేలింది. దీన్ని పీడన విద్యుత్ ఫలితమంటారు. పొట్ట మీద ఆనించే చేతి పరికరంలో వుండేది ఈ గుణం గల పదార్థమే. అది ఒక క్షణం కంపించి ధ్వనిని లోపలికి పంపుతుంది. తరవాత మౌనంగా వుండి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని అందుకొని విద్యుత్తుగా మారుస్తుంది. దిగుడు బావి గట్టున నిలబడి కేకవేసి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గటం మనందరం చేసిన పనే. ఇక్కడా అంతే. పది సెంటీమీటర్ల లోతునుంచి ప్రతిధ్వని తిరిగి రావటానికి సెకనులో పదిలక్షల భాగాలు సుమారు 130 పడుతుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి ఎంత లోతో, ఎంత గట్టిగా వచ్చిందో చూసి ఎలాంటి పదార్థమో యంత్రం లెక్క కడుతుంది. ఎముక ధ్వనిని గట్టిగా తిప్పికొడుతుంది గనుక తెల్లగా కనిపిస్తుంది. నీరు తిప్పికొట్టదు గనుక నల్లగా కనిపిస్తుంది. మెదడు కణజాలం బూడిద రంగుల్లో కనిపిస్తుంది.

పొట్ట మీద జెల్లు ఎందుకు రాస్తారని మా వదిన అడిగింది. గాలి పొర అడ్డం వస్తే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా ధ్వని చర్మం దగ్గరే వెనక్కు తిరుగుతుంది. ఆ గాలి లేకుండా చేయటానికే జెల్లు. ఎక్స్‌రేల మాదిరిగా దీనిలో అయనీకరణ కిరణాలు వుండవు గనుక, అవసరమైనంత మేరకు వైద్యులు చేసే పరీక్ష వల్ల బిడ్డకు హాని కనబడలేదు.

కర్మాగారం నుంచి కాన్పుల గదికి

కుండలు కొనేటప్పుడు అమ్మ వేలితో తట్టి, మోత విని, పగులు వుందో లేదో చెబుతుంది. ఇనుప బాయిలర్లలో కంటికి కనబడని పగుళ్ళను పట్టటానికి కర్మాగారాల్లో అతిధ్వనులను అలాగే వాడేవారు. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడికి, ఇనుములో పగులు చూసే యంత్రం మనిషిలో కణుతిని ఎందుకు చూడకూడదని తోచింది. 1955లో ఆయన, ఆపరేషన్లలో తీసిన కణుతులను కారులో వేసుకొని బాయిలర్లు తయారుచేసే కర్మాగారానికి తీసుకెళ్ళి పరీక్షించాడు. నీటి తిత్తికీ గట్టి కణుతికీ ప్రతిధ్వనిలో తేడా స్పష్టంగా కనిపించింది. ఆ తరవాత జాన్ మాక్‌వికార్ అనే వైద్యుడు, టామ్ బ్రౌన్ అనే యువ ఇంజనీరు ఆయనతో కలిశారు. ముగ్గురూ రాసిన పరిశోధనా వ్యాసం 1958లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. గర్భస్థ శిశువును ధ్వనితో చూసే విద్యకు అదే పునాది.

1972లో స్టూవర్ట్ కాంబెల్, ఆయన సహచరులు లండన్‌లో 17 వారాల గర్భంలోనే అనెన్‌కెఫలీని స్కానింగ్‌తో గుర్తించారు. పుట్టకముందే ఒక పెద్ద లోపాన్ని ఇలా పట్టుకోవటం అప్పట్లో గొప్ప విశేషం. మూడేళ్ళకు, 1975లో, ఆయన బృందమే స్పైనా బైఫిడాను కూడా గుర్తించింది. ఈనాటి యంత్రాలతో అనెన్‌కెఫలీని 11 నుంచి 14 వారాల మధ్యనే, అంటే మూడో నెల నిండేటప్పుడే చూడగలుగుతున్నారు. మా డాక్టరమ్మ చీటీ మీద రాసిన మొదటి తేదీ అదే.

మెదడులో ఏమేమి చూస్తారు?

అయిదో నెలలో, 18 నుంచి 22 వారాల మధ్య, చేసే స్కానింగ్ వివరమైనది. మనం పుచ్చకాయను ఏ వైపు కోస్తే ఆ వైపు బొమ్మ కనబడినట్టు, శిశువు తలను కొన్ని నిర్ణీతమైన తలాల్లో చూస్తారు. మొట్టమొదట పుర్రె గుండ్రం, ఎముక పూర్తిగా వుందా లేదా అన్నది. తరవాత మెదడు రెండు అర్ధభాగాల మధ్య గీత.

మెదడు లోపల ద్రవంతో నిండిన గదులుంటాయి. వీటిలో పక్క గది వెనక భాగపు వెడల్పును కొలుస్తారు. అది గర్భకాలమంతా 10 మిల్లీమీటర్ల లోపే వుండాలి. 10 నుంచి 15 వరకు వుంటే కొద్దిగానో, ఒక మోస్తరుగానో పెరిగిందంటారు. 15 దాటితే తీవ్రంగా పెరిగినట్టు. ద్రవం పోయే దారి మూసుకుపోతే గదులు ఇలా ఉబ్బుతాయి. కాలవకు అడ్డు పడితే ఎగువ మడి నిండినట్టే. అయితే 11 అనో 12 అనో రాశారని హడలిపోకూడదు. ఇతర లోపమేదీ లేకపోతే ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది మామూలుగానే ఎదుగుతారు. ఇంకొన్ని పరీక్షలు చేసి, మళ్ళీ స్కానింగ్ చేసి చూస్తారు.

తల వెనక భాగంలో చిన్నమెదడు వుంటుంది. మధ్యలో నొక్కుతో రెండు గుండ్రని తమ్మెలుగా కనిపిస్తుంది. దీని అడ్డు కొలత ఈ దశలో ఎన్ని వారాల గర్భమో దాదాపు అన్ని మిల్లీమీటర్లు వుంటుంది. 20 వారాలకు సుమారు 20 మిల్లీమీటర్లు. గుర్తుపెట్టుకోవటానికి ఎంత సులువో చూడండి! దాని వెనక వున్న నీటి ఖాళీ 2 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య వుండాలి.

నిమ్మకాయ, అరటిపండు

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. రైతు పిల్లవాణ్ణి గనుక కావచ్చు! వెన్నులో చిన్న చీలికను నేరుగా చూసి పట్టటం కష్టం. కాని ఆ చీలిక తలలో ఒక జాడ వదులుతుంది. 1986లో కైప్రోస్ నికొలాయిడిస్, స్టూవర్ట్ కాంబెల్ ప్రభృతులు ఈ జాడలను వర్ణించి వాటికి నిమ్మకాయ గుర్తు, అరటిపండు గుర్తు అని పేర్లు పెట్టారు.

కారణం సుబోధకమే. వెన్ను తెరుచుకొని వుంటే, మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ వుండే మస్తిష్క మేరుద్రవం అక్కడినుంచి కారిపోతుంది. లోపల పీడనం తగ్గుతుంది. దానితో మెదడు వెనక భాగం కిందికి, మెడ వైపుకు జారుతుంది. నుదుటి పక్క ఎముకలు లోపలికి నొక్కుకుంటాయి. అప్పుడు అడ్డుకోతలో కోడిగుడ్డులా కనబడవలసిన తల, ముందువైపు మొన తేలిన నిమ్మకాయలా కనిపిస్తుంది. రెండు తమ్మెలుగా వుండవలసిన చిన్నమెదడు మెదడు కాండం చుట్టూ వంగి అరటిపండులా కనిపిస్తుంది. దాని వెనకాల నీటి ఖాళీ కనబడకుండా పోతుంది. ట్యూబుకు ఎక్కడో కింద పంక్చరు పడితే పైన నొక్కు కనిపించినట్టన్నమాట.

అయితే నిమ్మకాయ గుర్తు 24 వారాలు దాటాక చాలామందిలో కనబడకుండా పోతుంది. ఏ లోపమూ లేని శిశువుల్లో కూడా అరుదుగా కనబడుతుంది. అందుచేత అదొక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. అరటిపండు గుర్తు మరింత నమ్మదగినది. చర్మం మూసివున్న చీలికలలో ద్రవం కారదు గనుక ఈ రెండు గుర్తులూ వుండవు. అవి తప్పించుకొనే అవకాశం ఎక్కువ.

తలలో జాడ కనబడితే వెన్నును మరింత శ్రద్ధగా చూస్తారు. నిలువుగా చూస్తే వెన్నెముక రైలు పట్టాల్లాంటి రెండు తెల్లని వరసలుగా, కటి దగ్గర కలుస్తూ కనిపిస్తుంది. అడ్డంగా చూస్తే ఒక్కో పూసలో మూడు తెల్లని చుక్కలు, ఒకటి ముందు, రెండు వెనక. వెనక చుక్కలు రెండూ దగ్గరగా వుండాలి. చీలిక వున్నచోట అవి బయటికి విచ్చుకొని, తెరిచిన తలుపు రెక్కల్లా కనిపిస్తాయి.

పరీక్షకు హద్దులున్నాయి

స్కానింగ్ దివ్యదృష్టి కాదు. శిశువు తల కిందుగా ఇరుక్కొని వున్నా, వెన్ను గర్భసంచి గోడకు ఆనుకొని వున్నా, తల్లి పొట్ట మందంగా వున్నా బొమ్మ సరిగా రాదు. మెదడు పైపొర మడతలు ఆఖరి నెలల వరకు ఏర్పడుతూనే వుంటాయి గనుక, అయిదో నెలలో లేని తేడా ఆ తరవాత బయటపడవచ్చు. బుద్ధి ఎలా వుంటుందో ఏ బొమ్మా చెప్పదు. అనుమానం వున్నచోట ఎం.ఆర్.ఐ. తోడ్పడుతుంది. చూసే వైద్యుడి అనుభవాన్ని బట్టి కూడా ఫలితం వుంటుంది. "అంతా బాగుంది" అంటే "ఇప్పుడు చూడగలిగినంతలో తేడా కనబడలేదు" అని అర్థం చేసుకోవాలి.

తెలిసిన తరవాత?

ఇది చాలా కష్టమైన ప్రశ్న. అనెన్‌కెఫలీకి వైద్యం లేదు. త్వరగా తెలిస్తే తల్లి శరీరానికీ మనసుకూ భారం తగ్గుతుంది. స్పైనా బైఫిడా సంగతి వేరు. పుట్టిన వెంటనే శస్త్రచికిత్స చేసి వీపును మూస్తారు. తలలో నీరు చేరితే సన్నని గొట్టం అమర్చి పొట్టలోకి మళ్ళిస్తారు. కొన్ని దేశాల్లో గర్భంలో వుండగానే శస్త్రచికిత్స చేస్తున్నారు. 2011లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, 26 వారాల లోపు ఇలా చేసిన పిల్లల్లో ఏడాది లోపల గొట్టం అవసరమైనవారు నూటికి 40 మంది అయితే, పుట్టాక చేసినవారిలో 82 మంది. కాని నెలలు నిండకుండా కాన్పు కావటం వంటి ప్రమాదాలు కూడా ఆ పద్ధతిలో వున్నాయి. వెన్ను లోపంతో పుట్టి, చక్రాల కుర్చీలో బడికి పోయి, చదువుకొని ఉద్యోగాలు చేస్తున్నవారున్నారు. వారి బతుకును తక్కువ చేసే మాట నా నోట రాకూడదు. తల్లిదండ్రులకు సరైన సమాచారం, ఆలోచించుకొనే వ్యవధి వుండాలని మాత్రమే నేను చెప్పేది.

మన దేశంలో 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. శిశువులో తీవ్రమైన లోపం వున్నదని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాల పరిమితి వర్తించదు. చట్టం దారి చూపుతుంది, నిజమే. కాని మూడో నెలలో ఒక చిన్న గదిలో తేలిపోయే సంగతి ఏడో నెలలో బోర్డుల ముందు తేలవలసి రావటం ఎంత బాధో మా ఇంటి వాళ్ళకు తెలుసు.

ఇంకో చట్టం గురించి కూడా చెప్పాలి. ప్రతి స్కానింగ్ కేంద్రంలో, శిశువు ఆడో మగో చెప్పటం నేరమని బోర్డు వుంటుంది. 1994లో వచ్చిన ఈ చట్టం 1996 జనవరి 1 నుంచి అమలులో వుంది. 2003లో మరింత కట్టుదిట్టం చేశారు. లోపాలను చూడటానికి పుట్టిన యంత్రాన్ని ఆడపిల్లలను ఏరివేయటానికి వాడిన మన సిగ్గుచేటు చరిత్రే ఆ బోర్డుకు కారణం. యంత్రానికి నీతి లేదు. అది వాడే మనిషికి వుండాలి.

భీమవరం బిడ్డ ఇచ్చిన మాత్ర

వచ్చిన లోపాన్ని చూడటం ఒక ఎత్తు, రాకుండా చూడటం ఒక ఎత్తు. ఇక్కడ మన తెలుగువాడి పేరు వస్తుంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్ట్ సారం తినిపిస్తే వారికి గుణం కనిపించిందని 1931లో ప్రకటించింది. అందులోని పదార్థాన్ని 1941లో పాలకూర ఆకుల నుంచి వేరుచేసి, ఆకుకు లాటిన్ మాటను బట్టి ఫోలిక్ ఆమ్లం అన్నారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసినది అమెరికాలోని లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం, 1945లో. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు స్ప్రూ వ్యాధి వల్ల సోదరుణ్ణి పోగొట్టుకున్నారు. ఆ వ్యాధికి పనికివచ్చే మందే తన బృందం చేతిమీదుగా తయారయింది. 1948లో ఆయన కన్నుమూశారు. అదే మాత్ర పుట్టబోయే పిల్లల మెదడునూ వెన్నునూ కాపాడుతుందని ఆయనకు తెలియదు.

అది 1991లో తేలింది. బ్రిటిష్ వైద్య పరిశోధక మండలి ఏడు దేశాల్లో 33 కేంద్రాల్లో, అంతకుముందు ఇలాంటి బిడ్డను పోగొట్టుకున్న తల్లులపై అధ్యయనం జరిపింది. గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో లోపం మళ్ళీ రావటం నూటికి 72 పాళ్ళు తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా వుండటంతో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఆ మరుసటి ఏడాది హంగరీ అధ్యయనం, మొదటిసారి తల్లులయ్యేవారికి కూడా ఇది మేలు చేస్తుందని చూపింది.

మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. అంతకుముందు ఇలాంటి కాన్పు జరిగి వుంటే వైద్యులు ఎక్కువ మోతాదు ఇస్తారు. మన పాలకూర, తోటకూర, కందులు, శనగలు, మా చేలో పండే మినుములు అన్నింటిలోనూ ఫోలేట్ వుంది. కాని ఎక్కువసేపు ఉడికిస్తే చాలా భాగం పోతుంది గనుక తిండి ఒక్కటే సరిపోదు. అన్నింటికన్న ముఖ్యం, మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. నాళిక 28 రోజులకే మూసుకుంటుందని చెప్పుకున్నాం గదా! రెండో నెలలో ఆసుపత్రికి పోయి మాత్రలు తెచ్చుకుంటే రక్తానికి మేలే గాని, నాళిక విషయంలో అప్పటికే ఆలస్యం. నారు పోసేముందు విత్తనశుద్ధి చేస్తాం గాని, వెన్ను వేశాక చేయం గదా! గర్భం దాల్చటానికి కనీసం ఒక నెల ముందు నుంచి, వీలైతే రెండు మూడు నెలల ముందు నుంచి వేసుకోవాలి.

వదినకు జవాబు

ఈ లెక్కంతా ఒక కాగితం మీద గీసి వదినకు చూపించాను. ఆగస్టు దగ్గర ఒక గీత, అక్టోబరు దగ్గర ఒక గీత. ఆమె చాలాసేపు చూసి, "అయితే ఆ రాత్రిది కాదన్నమాట" అంది. అంతే. ఆ కాగితం మడిచి దాచుకుంది.

ఇలాంటి లోపం ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రావటానికి నూటికి రెండు నుంచి అయిదు పాళ్ళ అవకాశం వుంటుందని డాక్టరమ్మ చెప్పింది. 2024 అక్టోబరు నుంచి వదిన మాత్రలు మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్‌లో, పన్నెండో వారంలో, నేనే బండి మీద తీసుకెళ్ళాను. మర్నాడు ఇంటర్నల్ పరీక్ష వుంది. వున్నా సరే అనుకున్నాను. తెర మీద తెల్లగా, పూర్తిగా, గుడ్డులా చుట్టుకొని వున్న పుర్రె గీతను డాక్టరమ్మ వేలితో చూపించింది. జూన్‌లో రెండో స్కానింగ్. చిన్నమెదడు రెండు తమ్మెలుగానే వుంది. నిమ్మకాయా లేదు, అరటిపండూ లేదు. మాతో వచ్చిన నాయనమ్మ "ఆడా మగా?" అని అడిగితే డాక్టరమ్మ మాట్లాడకుండా గోడ మీది బోర్డు చూపించింది.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. వదినకు ఎనిమిదో నెల. నాయనమ్మ తలుపులు వేసింది. పెద్దావిడతో నేను వాదించలేదు. కాసేపటికి వదినే పిలిచింది: "ఒరేయ్ చిన్నోడా, ఆ కిటికీ తీయి. నీడే గదా, చూద్దాం." అక్టోబరులో పాప పుట్టింది. ఇప్పుడు దానికి నలుగు పెట్టి నీళ్ళు పోసేది నాయనమ్మే.

మిత్రులారా! మనలో చాలామంది మన ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. డాక్టరు రాసిన చీటీ మన ఇంట్లో చదవగలిగేది మనమే. పెళ్ళయిన అక్కకో, వదినకో మూడు మాటలు చెప్పండి: గర్భానికి ముందే ఫోలిక్ మాత్ర, మూడో నెల నిండేటప్పుడు ఒక స్కానింగ్, అయిదో నెలలో మరొకటి. పరీక్షలు మళ్ళీ రాసుకోవచ్చు. నేను 2023లో ఆ సంగతి తెలుసుకోలేకపోయాను. మీరయినా తెలుసుకోవాలని ఇదంతా రాశాను.